గట్టినేల మీద గది

"ఆ సిమెంటు బస్తాలు బయటికి తీసేదాకా నేను పొయ్యి ముట్టుకోను," అంది ఒతీలియా. అప్పటికి ఆ మాట అనడం మూడోసారి.

"ముట్టుకోకు. నయేలి వండుతుంది," అన్నాడు కొడుకు సెవెరో. "వానలో పెడితే తెల్లారేసరికి రాళ్ళయిపోతాయమ్మా. నాలుగు రోజులు ఓర్చుకోలేవా?"

"నాలుగు రోజులు కాదు, నాలుగు నిమిషాలు కూడా కుదరదు. అది బాలయేసు గది."

"బాలయేసు ఇంకా రాలేదుగా!"

"అందుకే శుభ్రంగా ఉండాలి. వచ్చాక ఎటూ నలుగురూ తొక్కుతారు."

కోడలు నయేలి గుమ్మం దగ్గర నిలబడి ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది. ఏడో నెల. ఒక చెయ్యి నడుం మీద, ఇంకో చేతిలో మొక్కజొన్న పిండి ముద్ద. బస్తాలు గదిలో పెట్టమన్నది తనే. ఆ మాట సెవెరో బయట పెట్టలేదు. ఒతీలియాకి మాత్రం తెలుసు. గచ్చు మీద పడ్డ చెప్పుల గుర్తులు చిన్నవి.

ఆ గది ఇంట్లో అన్నిటికన్నా పెద్దది. వీధి వైపు ఉంటుంది. గోడలకి సున్నం, కింద నీలం అంచు. ఒతీలియా భర్త ఫిదెన్సియో బతికి ఉండగా, గచ్చు మీది ప్రతి పలకనీ కర్రతో తట్టి చూసి, బోలుగా మోగితే పీకి మళ్ళీ పరిచాడు. పేటలోని చెక్క బాలయేసు ఏడాదికొక ఇంట్లో ఉంటాడు. వంతు కోసం జనం పెద్దమనిషి దగ్గర పేరు చెప్పుకుని ఏళ్ళకేళ్ళు కాచుకుంటారు. కొందరు కాచుకుంటూనే పోతారు, ఫిదెన్సియో పోయినట్టు. బాలయేసు కంటే ముందు ఆ గదిలో ఎవరూ పడుకోకూడదు. పేటలో ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేని సంగతి అది. ఒతీలియా ప్రతి శనివారం గది ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, తలుపు వేసేది. సెవెరో, నయేలి మాత్రం వంటింటి పక్కన తెర కట్టుకుని పడుకునేవాళ్ళు. తెరకి ఇవతల ఒతీలియా మంచం.

చివరికి సెవెరో బస్తాలు ఒక్కొక్కటే భుజాన వేసుకుని బట్టలుతికే గట్టు దగ్గరికి చేర్చి, పైన పట్టా కప్పాడు. చేతులు దులుపుకుంటూ, "సరే. లంక మీదే కట్టుకుంటాం," అన్నాడు. "అక్కడ ఏ దేవుడికీ గది పట్టిపెట్టలేదు."

ఒతీలియా పొయ్యి దగ్గరికి వెళ్ళి నయేలి చేతిలోని పిండి ముద్ద తీసుకుంది.

లంక మాట వచ్చినప్పుడల్లా ఆమె ఇలాగే ఊరుకుంటోంది. ఊళ్ళో సభ జరిగితే లేచి నిలబడి, "ఇల్లు మొలిచిన లంక మీద కూర మొలవదు" అని గొంతెత్తేది ఆమే. కాలవల మధ్య తాతలు బురద పోసి పెంచిన లంకలు అవి. వాటిని ఒక్కొక్కటే మూసి జనం ఇళ్ళు కడుతుంటే, మెహికో మహానగరం దక్షిణాన మిగిలిన ఈ కాస్త నీళ్ళూ మురికిగుంటలవుతాయని అందరి ముందూ చెప్పేది ఆమే. అందుకే ఇళ్ళు ఎక్కడిదాకా కట్టొచ్చో చెప్పే కొత్త ప్రణాళిక గీత చూపించడానికి అధికారులతో తిరగమని సభ ఆమెనే ఎంచుకుంది. కానీ తన సొంత లంక మీద కొడుకు మేకులు దిగ్గొట్టి తాడు కట్టాడు. ఇసుక పోయించాడు. తోపుడుబండి పోవడానికి పిల్లకాలవలో ఇటుక ముక్కలు నింపాడు. ఇవన్నీ చూసి కూడా ఆమె ఒక్క మాట అనలేదు. అంటే, "మరి ఎక్కడ పడుకోమంటావ్?" అని వాడు అడుగుతాడు. ఆ ప్రశ్న రాకుండా చూసుకుంటోంది.

*

మర్నాడు ఒతీలియా దోనెలోనే బయల్దేరారు. ముందు ఇంజనీరమ్మ బెరెనీసె, ఒళ్ళో పటం. మధ్యలో ఎర్రరంగు డబ్బాతో ఒక మనిషి. వెనక నిలబడి గడ వేస్తూ ఒతీలియా. రెండు ఒడ్లా సన్నగా పొడుగ్గా అవెహోతె చెట్లు, వాటి వేళ్ళు లంకల అంచుల్ని పట్టుకుని.

"ఈ గీత మీ ఊరిదొక్కటే కాదండీ, లోయ మొత్తానిది," అంది బెరెనీసె. "పైన కొండల మీద అడవి, కింద ఈ నీళ్ళు, మధ్యలో ఊళ్ళు. ఊళ్ళు పెరగకుండా ఎవరాపగలరు? ఎటు పెరగాలో ముందే అనుకుందామని. ఒక ఊరు గీతని ఇంత వంచితే పక్క ఊరు అంత వంచుతుంది."

"మా పేట వంచదు," అంది ఒతీలియా.

"మీ గురించి చెప్పారు," అని నవ్వింది ఇంజనీరమ్మ.

ఆ మాటకి ఒతీలియా గడ కాస్త బలంగా గుచ్చింది. దోనె ముందుకు దూకింది.

మొదటి మలుపులో ఎర్మెలిందా ఇల్లు. వహాకా కొండల్నించి వచ్చి, ఎవరి దగ్గరో లంక ముక్క కొనుక్కుని, రేకులు వేసుకుని ఉంటోంది. వాళ్ళ పిల్ల లుసేరోకి బాప్తిస్మమిచ్చినప్పుడు ఒడిలో పట్టుకున్న జ్ఞానతల్లి ఒతీలియా. అందుకే ఇద్దరూ ఒకరినొకరు 'కొమాద్రె' అని పిలుచుకుంటారు. అక్కాచెల్లెళ్ళు పోట్లాడుకున్నా ఫరవాలేదు గానీ కొమాద్రెలు పోట్లాడుకోకూడదంటారు ఆ ఊళ్ళో.

ఎర్మెలిందా గట్టు మీద బట్టలు పిండుతోంది. "కొమాద్రె! సర్కారు వాళ్ళని ఊరేగిస్తున్నావా? ఆగు, కాఫీ తాగి పోదురు గాని!" అని కేకేసింది.

రేకుల వెనక సగం లేచిన ఇటుక గోడ.

"ఇది కొత్తగోడేనా?" అడిగింది బెరెనీసె.

"కొత్తదే," అంది ఒతీలియా. "ఈస్టర్ తర్వాత లేచింది."

రంగు మనిషి ఒడ్డు దిగి గోడ మీద ఎర్రగా అడ్డగీత గీశాడు. ఎర్మెలిందా పిండుతున్న బట్ట చేతిలోనే ఉండిపోయింది. అందులోంచి నీళ్ళు ఆమె పాదాల మీద కారుతున్నాయి. కాఫీ మాట మళ్ళీ ఎత్తలేదు.

రెండో మలుపులో ఒతీలియా లంక. మేకులు, తాడు, ఇసుక పోగు, వరసగా పేర్చిన ఇటుకలు అన్నీ కళ్ళెదుటే ఉన్నాయి.

"ఇదేంటండీ?"

"కొట్టం." మాట దానంతటదే వచ్చేసింది. "పనిముట్లు పెట్టుకోవడానికి. పైన రెల్లు వేస్తాం."

"ఎవరిది?"

"మాదే."

బెరెనీసె ఒకసారి ఇటుకల వంక చూసింది, ఒకసారి ఒతీలియా వంక. "మీరే చెప్తున్నారుగా," అంది నిష్పూచీగా. రంగు మనిషి అప్పటికే పైకి తీసిన కుంచెని డబ్బా అంచుకి రాసి మళ్ళీ లోపల పెట్టేశాడు.

రేవు దగ్గర దిగుతూ ఇంజనీరమ్మ ఇంకో మాట అడిగింది. "గట్టినేల వైపు, మీ పేటలో ఖాళీ జాగాలేమైనా ఉన్నాయా? మూతబడ్డవి, ఎవరూ వాడనివి?"

"ఎక్కడమ్మా! మనిషి మీద మనిషి పడుకుంటున్నారు," అంది ఒతీలియా.

దాహంగా ఉందంటే ఇంటికి తీసుకొచ్చి వంటింటి గుమ్మంలో మంచినీళ్ళిచ్చింది. వీధి గది తలుపు వేసే ఉంది. ఎండలో నిలబడే ఇంజనీరమ్మ నీళ్ళు తాగి, గ్లాసు తిరిగిచ్చి వెళ్ళింది.

*

శనివారం గది ఊడవలేదు. పొద్దున్నే లంకకి వెళ్ళిపోయింది. కొత్తిమీరకి నారుమడి చెయ్యాలి.

ఫిదెన్సియో ఉన్న రోజుల్లో ఆయన పొడుగు గడ చివర కట్టిన సంచితో కాలవ అడుగు నుంచి బురద తోడితే, ఆమె మడిలో పరిచేది. ఇప్పుడు రెండు పనులూ తనవే. సంచి దింపి, గడ భుజానికి ఆనించి, ఒళ్ళంతా వెనక్కి వేసి లాగింది. రావాల్సినంత బురద రాలేదు. సంచిలో సగం ఇటుక ముక్కలు. వాటిని ఏరి గట్టు మీద పడేసింది. ఇంకోసారి దింపింది. పిల్లకాలవ మూసేశాక ఇటువైపు నీళ్ళు కదలడం లేదు. పైన పచ్చటి తెట్టు, కింద కుళ్ళిన వాసన.

ఎలాగో మడి నిండింది. అరచేత్తో సమంగా సర్ది, నీరు ఇంకేదాకా గట్టు మీద కూర్చుంది. బురద మరీ మెత్తగా ఉంటే కోసిన గళ్ళు మళ్ళీ అతుక్కుపోతాయి. మరీ ఆరితే బీటలిస్తుంది. వేలితో నొక్కి చూసి, కత్తి తీసుకుని నిలువుగా, తర్వాత అడ్డంగా కోసింది. ఒక్కో గడి మధ్యలో వేలు గుచ్చి, గింజలు వేసి, పైన ఎండుపేడ పొడి జల్లింది. మడి సగమయ్యాక నడుం పట్టేసింది. ఇదివరకు ఇలాంటప్పుడు ఫిదెన్సియో ఏదో ఒకటి అనేవాడు. అందులో పెద్ద విశేషమేమీ ఉండేది కాదు. "ఆ కొంగ మళ్ళీ వచ్చింది" లాంటివే.

కాలవ అవతలి గట్టు మీద ఎర్మెలిందా నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలీదు.

"కొట్టం బాగా వస్తోందా?" అంది.

ఒతీలియా వేలి బురద గౌను అంచుకి తుడుచుకుంది. "రా, ఇటు రా. దోనె పంపిస్తాను."

"వద్దు. ఇక్కణ్ణించి బాగానే కనబడుతోంది. కొట్టానికి కిటికీ కూడా పెడుతున్నాడట నీ కొడుకు? తను నడిపే మినీ బస్సు ఎక్కిన వాళ్ళందరికీ చెప్తున్నాడు. పారలకీ గునపాలకీ గాలి ఆడాలి కాబోలు!"

"ఎర్మెలిందా..."

"నువ్వు అబద్ధం చెప్పావని నేననను. నా గోడ కొత్తదే. ఈస్టర్ తర్వాతే లేచింది. నిజమే చెప్పావు. మేం కొండ దిగి వచ్చినవాళ్ళం కదా, మా దగ్గర నిజమే చెప్పాలి మరి."

"మీ ఇల్లు కూలుస్తారని నేననుకోలేదు."

"ఏం చేస్తారనుకున్నావ్, ముగ్గు వేసి పోతారనుకున్నావా?" ఎర్మెలిందా గొంతు పైకి లేవలేదు. "నాకు వేరే చోటు లేదు. ఉంటే ఈ దోమల్లో ఎందుకుంటాను? నీకుంది. రాని బాబుకి పలకలు పరిచి గది కట్టి ఊడుస్తున్నావు. వచ్చే బాబుకి బురద చూపిస్తున్నావు. మా ఊళ్ళో అయితే నవ్వుతారు."

ఒతీలియాకి కోపం వచ్చింది. "దేవుణ్ణి మధ్యకి లాగకు, కొమాద్రె."

"నేను లాగలేదు. ఆయన్ని తలుపుకి అడ్డం పెట్టుకున్నది మీరే." అని వెనక్కి తిరిగింది. రెండడుగులు వేసి ఆగింది. "వస్తాను, దోన్యా ఒతీలియా."

దోన్యా. బజార్లో కూరలమ్మే వాళ్ళు పిలిచే పిలుపు. బ్యాంకులో గుమాస్తా పిలిచే పిలుపు.

ఒతీలియా మిగిలిన మడికి గింజలు వేసింది. రెల్లు కప్పింది. మధ్యాహ్నానికి తెచ్చుకున్న బీన్సు చుట్టిన రొట్టె విప్పి, సగం తిని చుట్టేసింది.

ఆ గది కోసం తనెందుకు కాచుకుంటోందో ఎవరూ ఎప్పుడూ అడగలేదు. భక్తి అనుకుంటారు. భర్త మొక్కు అనుకుంటారు. రెండూ నిజమే. కానీ ఊడ్చినప్పుడల్లా ఆమె కళ్ళకి కట్టేది వేరు. బాలయేసు ఉన్న ఏడాది ఆ ఇంటి తలుపు వెయ్యరు. పొద్దున పిల్లలొచ్చి మేలుకొలుపు పాడతారు. సాయంత్రం జపమాలకి పేటంతా వస్తుంది. ఆడవాళ్ళు వంటింట్లోకి చొరవగా వచ్చి, పెద్ద కుండల్లో జావ కాస్తూ, ఉప్పెక్కడుంది, గరిటెక్కడుంది అని అరుస్తుంటారు. సెవెరో బస్సు మీదికి పోతాడు. నయేలి తెర వెనక ఫోనులో వాళ్ళమ్మతో గుసగుసగా మాట్లాడుకుంటుంది. కూతురు అంపారో ఆదివారం వచ్చి, తిని పోతుంది. ఒక్క ఏడాది తన ఇంట్లో ఎవరో ఒకరు ఎప్పుడూ మాట్లాడుతూ ఉండే ఏడాది. దాని కోసమే ఆమె కాచుకుంటోంది. ఆ మాట పైకి చెప్పుకుంటే సిగ్గుచేటుగా ఉంటుందని ఫిదెన్సియో ఫోటోకి కూడా చెప్పలేదు.

దోనె ఎక్కే ముందు పిల్లకాలవలోకి దిగి, ఇటుక ముక్కలు చేతికందినన్ని తీసి గట్టు మీదికి విసిరింది. కాసేపటికి తెట్టు మధ్యలో సన్నటి చీలిక ఏర్పడి నీళ్ళు మెల్లగా అటు జరిగాయి. మొత్తం తియ్యాలంటే ఇద్దరు మనుషులు కావాలి.

*

ఆదివారం పూజ అయ్యాక పెద్దమనిషి దోన్ మెలితోన్ ఇంటికి వెళ్ళింది. పేటలో వంతులన్నీ ఆ ముసలాయన నోటిలో ఉంటాయి. ఆయన పెరట్లో ఎండలో కూర్చుని, బాలయేసు ఊరేగింపు పందిరికి కాగితం పూలు చుడుతున్నాడు.

"మా వంతు వదిలేసుకుంటున్నాను, దోన్ మెలితోన్," అంది కూర్చోకుండానే.

ఆయన చేతిలో పువ్వు ఆగింది. "జబ్బు చేసిందా?"

"లేదు."

"వదిలేస్తే మళ్ళీ చివర్నించి రావాలి. నీ జన్మలో రాదు."

"తెలుసు."

"ఫిదెన్సియో చెప్పుల్లేకుండా ఈ గుమ్మం దాకా నడిచొచ్చి అడిగాడు."

"ఆయన పక్కన నేనూ నడిచాను."

"మరి ఏమొచ్చిందమ్మా?"

"గది కావాలి. కొడుక్కి."

దోన్ మెలితోన్ చాలాసేపు తీగ చుట్టాడు, విప్పాడు. "ఇలాంటి గదులు మన పేటలో ఎన్ని తాళమేసి ఉన్నాయో తెలుసా? నువ్వొక్కతెవి తెరిస్తే కాలవలన్నీ తేటపడతాయా?"

"పడవు."

"మరి?"

"మిగతా గదులు నేను ఊడవడం లేదుగా," అంది ఒతీలియా. "నాకు తెలిసింది నా గది."

ముసలాయన తల ఊపాడు. ఒప్పుకున్నట్టూ కాదు, కాదన్నట్టూ కాదు. "ఉపవాసం చేసి అడిగినవాళ్ళున్నారు. నీ వెనక వంతు గలీసియా వాళ్ళది. బాణాసంచా కాలుస్తారు ఇవ్వాళ." కాస్త ఆగి, "జపానికి మాత్రం రావడం మానకు. ఎవరింట్లో ఉన్నా ఆయన మన పేటవాడే," అన్నాడు.

చౌకులో, సంగీతం వాయించే మండపం పక్కన ప్రణాళిక వాళ్ళు డేరా వేశారు. జనం వచ్చి గీత మీద అభ్యంతరాలు చెప్పుకుంటున్నారు. బెరెనీసె ఆమెని చూసి లేచి కుర్చీ జరిపింది.

"శుక్రవారం నేను చూపించిన దాంట్లో ఒకటి తప్పు," అంది ఒతీలియా. "రెండో మలుపులో ఉన్నది కొట్టం కాదు. ఇల్లు. నా కొడుకుది."

బెరెనీసె పటం మీద రెండో మలుపు వెతికింది. "ఎర్రగీత పడితే పని ఆపెయ్యాలి, తెలుసుగా?"

"తెలుసు. వెయ్యండి." తర్వాత గొంతు సవరించుకుంది. "గీత పడ్డవాళ్ళని ఏం చేస్తారు? ఎర్మెలిందా వాళ్ళని?"

"కొత్తగా కట్టకుండా ఆపుతాం. ఉంటున్నవాళ్ళకి గట్టినేల వైపు చోటు చూపించాకే కదపాలి. ప్రణాళికలో ఆ మాట ఉంది. కానీ మీ పేటలో చోటు లేదని మీరే..." అని ఆపింది.

డేరా గుడ్డ గాలికి టపటపా కొట్టుకుంది. పటం మీద ఆ పేట ఉన్నచోట ఒక్క గుర్తు కూడా లేదు. పక్క పేటల్లో పచ్చ చుక్కలున్నాయి.

"ఉంది," అంది ఒతీలియా. "మూతబడ్డ పిండిమర, దాని వెనక పెరడు. సినిమా హాలు కూలాక మిగిలిన జాగా. పాత బస్సుల షెడ్డు, అందులో ఇప్పుడు కుక్కలు తప్ప ఏమీ లేవు." వేలు పెట్టి ఒక్కో వీధీ చూపించింది. గోళ్ళలో నిన్నటి బురద ఇంకా ఉంది. ఇంజనీరమ్మ పచ్చ చుక్కలు పెట్టుకుంటూ పోయింది. "ఇవన్నీ దొరుకుతాయని మాటివ్వలేను. యజమానులతో మాట్లాడాలి. ఏళ్ళు పడుతుంది."

"మాటడగలేదు. ఉన్నాయని చెప్పాను."

బయటికొస్తుంటే ఎర్మెలిందా లుసేరో చెయ్యి పట్టుకుని మండపం మెట్ల మీద, డేరాలోకి వెళ్ళాల్సిన వరసలో నిలబడి ఉంది. పిల్ల "మద్రీనా!" అంటూ జ్ఞానతల్లి వైపు పరుగెత్తబోయింది. ఎర్మెలిందా చెయ్యి వదల్లేదు. ఒతీలియా ఆగి, పిల్లకి చెయ్యి ఊపి వెళ్ళిపోయింది. వీధి మలుపు తిరిగేదాకా తనని ఎవరైనా పిలుస్తారేమోనని చెవులు వెనక్కే పెట్టుకుంది. ఎవరూ పిలవలేదు.

*

మధ్యాహ్నం భోజనానికి అంపారో, ఆమె భర్త వచ్చారు. గంగవాయిలాకు వేసిన పంది మాంసం, బీన్సు, వేడి రొట్టెలు. అల్లుడు ఫుట్‌బాల్ గురించి మాట్లాడుతున్నాడు. సెవెరో, పునాది రేపే మొదలుపెడతానని, మేస్త్రీకి చెప్పానని అన్నాడు. తల్లి ఏమంటుందోనని ఓరకంట చూశాడు.

ఒతీలియా రొట్టెలు కాలుస్తూనే ఉంది. చివరి రొట్టె గుడ్డలో చుట్టి బల్ల మీద పెట్టి, తన కుర్చీలో కూర్చుంది. ఆమె అందరితోపాటు కూర్చోవడం అలవాటు లేదు కాబట్టి అందరూ తలెత్తారు.

"పొద్దున దోన్ మెలితోన్‌కి చెప్పి వచ్చాను," అంది. "బాలయేసు వంతు వదిలేశాం."

అంపారో చేతిలో చెంచా పళ్ళెంలో పడింది. "అమ్మా! నాన్న మొక్కు!"

"మీ నాన్నకి నేను చెప్పుకుంటాను. ఆయనతో రోజూ మాట్లాడేది నేనే."

"ఊళ్ళో ఏమనుకుంటారు?"

"అనుకుంటారు."

సెవెరో లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. "నేను గది అడగలేదమ్మా. లంక మీద..."

"లంక మీద ఇల్లు లేదు. రేపు ఎర్రగీత వేస్తారు. వెయ్యమని నేనే చెప్పాను. కొట్టం అని అబద్ధం ఆడిందీ నేనే, కాబట్టి నీ మీద కోపం లేదు. నువ్వు నా మీద తెచ్చుకోవచ్చు." ఉప్పు గిన్నె తన వైపు జరుపుకుంది. "మేస్త్రీ వస్తే పిల్లకాలవలో పోసిన ఇటుక ముక్కలు తీయించు. నేనొక్కదాన్నీ లాగలేకపోతున్నాను."

వీధిలో ఎక్కడో బాణాసంచా పేలింది. దూరంగా, గలీసియా వాళ్ళ వైపు. అంపారో కళ్ళు తుడుచుకుంది. సెవెరో దవడ బిగించి పళ్ళెంలోకి చూస్తున్నాడు. నయేలి బల్ల కింద చెయ్యి చాచి అతని మణికట్టు పట్టుకుంది. రెండో చెయ్యి కడుపు మీదే ఉంది. అత్తగారి వంక చూడడానికి భయపడుతోంది.

"నయేలీ," అంది ఒతీలియా.

"ఆఁ, అత్తయ్యా?"

"సున్నం ఈ వారంలోనే వేయించుకోండి. బిడ్డ వచ్చేసరికి వాసన పోవాలి."